లెక్కకు రాని పువ్వు

(దొంతన్‌పల్లిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మాకు చదువు చెప్పిన సారు జ్ఞాపకార్థం మాట్లాడమని అడిగినప్పుడు అంశం కోసం నేను వెతుక్కోలేదు. తన దగ్గర వృక్షశాస్త్రం చదివిన ప్రతి తరగతికీ ఆయన వేసిన ప్రశ్న ఒకటుంది. "అడవిల పువ్వు కనబడితే తెంపొచ్చునా, తెంపొద్దా?" తెంపొచ్చన్నవాళ్లనూ, తెంపొద్దన్నవాళ్లనూ ఇద్దరినీ నిలబెట్టి, "ఏ పువ్వు? అక్కడ ఎన్ని ఉన్నయి? తెంపినంక ఏం మిగుల్తది?" అని అడిగేవారు. ఈ మూడూ తెలియకుండా తెంపడం ఎంత తప్పో, ఈ మూడూ తెలియకుండా తెంపొద్దనడం కూడా అంత తప్పేనని ఆయన అనేవారు. చిన్నప్పుడు ఆ రెండో మాట మాకు వింతగా ఉండేది. మంచి మాట చెప్పడానికి కూడా లెక్క తెలియాలా అనుకునేవాళ్లం. తెలియాలని ఇప్పుడు నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ నమ్మకానికి కారణమైన మొక్క గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను.

ఆ మొక్క వాండా టెస్సెల్లాటా. ఆర్కిడ్ అనగానే మనకు పెళ్లి మండపాల్లో కట్టే ఊదారంగు పూలగుత్తులు గుర్తొస్తాయి. అవి ప్రయోగశాలల్లో, నీడవలల కింద పెంచిన డెండ్రోబియమ్‌లు. నేను చెప్పే ఆర్కిడ్ ఎవరూ పెంచకుండానే తెలుగు మైదానాల్లో పాత మామిడి తోపుల్లో, ఇప్పచెట్ల మీద, ఊరి బయట మర్రిమాన్ల మీద పెరుగుతుంది. ఆకులు మందంగా, సన్నగా, మధ్యకు మడిచినట్టు ఉంటాయి. కొస మాత్రం ఎవరో కొరికినట్టు కనిపిస్తుంది. బెరడు మీద లావాటి తెల్లని వేర్లు పాకుతాయి, వాన పడిందంటే కాసేపట్లో పచ్చబడతాయి. ఎండ ముదిరే రోజుల్లో కంకి వేస్తుంది. పసుపూ ఆకుపచ్చా కలిసిన రేకుల మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో ఊదా నీలం కలిసిన పెదవి, దగ్గరికి వెళితే మంచి వాసన. నీటిని కాపాడుకోవడానికి పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుచుకుంటుంది. మన ఎండలకు ఇంతగా సిద్ధపడి బతికే మొక్కను చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

ఇది శాస్త్రానికి ఎక్కింది కూడా తెలుగువాళ్లకు దగ్గరి దారిలోనే. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్నాడు. ఉత్తర సర్కారుల మొక్కలను సేకరించి, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, తెలుగు పేర్లు రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం మొదటి సంపుటం 1795లో లండన్‌లో వెలువడింది. అందులో ఈ పువ్వు ఎపిడెండ్రమ్ టెస్సెల్లాటమ్ అనే పేరుతో ఉంది. దాని పక్కనే మన చెట్ల మీద పెరిగే మరో ఆర్కిడ్, ఇప్పుడు ఆకాంపే ప్రేమోర్సా అంటున్నది, కూడా ఉంది. గళ్లు గళ్లుగా ఉన్న ఆ రేకులను అంత ఓపికగా గీసిన చేతులెవరివో మనకు తెలియదు. ఆ పని జరగడానికి ఒక పువ్వును తెంపారన్న సంగతి గుర్తుపెట్టుకోండి. తెంపి, ఆరబెట్టి, కాగితానికి అంటించి దాచినందువల్లే రెండు వందల ఏళ్ల తరవాత కూడా ఏది ఏ మొక్కో మనం గట్టిగా చెప్పగలుగుతున్నాం. హెర్బేరియం కోసం బయల్దేరినప్పుడు సారు మాకు పెట్టిన నియమం క్షేత్ర వృక్షశాస్త్రజ్ఞులు పాటించేదే: ఇరవై మొక్కలు లెక్కపెట్టకుండా ఒక్కటి ముట్టుకోవద్దు.

ఇక తెంపడం సంగతి. తెలంగాణలో పుట్టినవాళ్లకు అడవి పువ్వు తెంపడం పాపమని చెప్పడం కుదరదు. బతుకమ్మ పండుగే దానికి జవాబు. తెల్లారకముందే గునుగు కోసం చెలకల వెంట, తంగేడు కోసం గుట్టల వెంట తిరిగిన పిల్లలే మనమంతా. మోపులకొద్దీ తెచ్చి, పేర్చి, ఆడి, చెరువులో వదిలేస్తాం. అయినా మరుసటి ఏడు గునుగు వస్తుంది. ఎందుకంటే అది ఏడాదిలో బతుకు ముగించుకునే మొక్క. మనం తెంపిన కంకుల కంటే ఎన్నో రెట్లు చేనులో మిగులుతాయి, గింజ నేల మీద రాలుతుంది, తొలకరికి మొలుస్తుంది. తంగేడును ఎంత నరికితే అంత చిగురు వేస్తుంది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల గునుగు దొరకడం లేదని, నగరంలో కట్టలు కొనుక్కోవాల్సి వస్తోందని ఆడవాళ్లు అంటున్నారు. వాళ్లు తెంపడం వల్ల తరిగిపోలేదు. చేలు ప్లాట్లయ్యాయి, మిగిలిన చేలలో కలుపుమందు చల్లుతున్నారు. తరతరాలుగా తెంపిన చేతులు ఏ నష్టమూ చేయలేదు. పువ్వు కోసం ఒక్కసారీ వంగని చేతులు దాన్ని లేకుండా చేశాయి.

గునుగుకు వర్తించే లెక్క ఆర్కిడ్‌కు వర్తిస్తుందా? కొంత వర్తిస్తుంది, కొంత వర్తించదు. ఆ తేడాను నెమ్మదిగా చెప్పాలి.

డార్విన్ 1862లో ఆర్కిడ్ల పరాగసంపర్కం మీద ఒక పుస్తకం రాశాడు. జాతుల పుట్టుక మీది పుస్తకం ప్రపంచాన్ని కుదిపిన మూడేళ్లకే అంత పెద్ద మేధావి కూర్చుని పువ్వు లోపలి నిర్మాణాన్ని సూదితో కదిపి చూశాడు. తన ఊరి దగ్గర దొరికే ఒక నేల ఆర్కిడ్ కాయలో గింజలు లెక్కవేస్తే ఒక్క కాయలో దాదాపు 6,200 తేలాయి. ముప్ఫై కాయల మొక్కకు 1,86,300. అన్నీ మొలిస్తే ఆ ఒక్క మొక్క మునిమనవలే భూమి మీది నేలనంతా కప్పేస్తారని ఆయన లెక్కకట్టాడు. కప్పడం లేదు. ఎందుకు కప్పడం లేదో ఆయన కాలంలో తెలియలేదు. 1899లో ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్ కారణం పట్టుకున్నాడు. ఆర్కిడ్ గింజ పసుపు పొడి లాంటిది, గాలికి లేచిపోతుంది. లోపల పిండానికి తిండి ఏమీ ఉండదు. తగిన బూజు దారం దొరికి, దాని ద్వారా తిండి అందితేనే మొలక బతుకుతుంది. ఆ బూజు లేకుండా సీసాలో చక్కెర కలిపిన జిగురు మీద గింజను మొలిపించవచ్చని 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చూపించాడు. ఇవాళ ఆర్కిడ్ వ్యాపారమంతా ఆ సీసా మీద నిలబడింది. చెట్టు కొమ్మ మీద మాత్రం ఇప్పటికీ బెర్నార్ చెప్పిందే జరగాలి: గింజ రాలిన చోటే గరుకు బెరడు, ఆ బెరడులో తేమ, ఆ తేమలో తగిన బూజు. లక్షల గింజల్లో ఒకటో రెండో. అవి కూడా పువ్వు పూసే వయసుకు రావడానికి ఏళ్లు పడతాయి.

అంతకుముందు కాయ నిలవాలి. ఆర్కిడ్ జాతుల్లో సుమారు మూడో వంతు, వచ్చిన పురుగుకు ఏమీ ఇవ్వవు. తేనె ఉన్నట్టు కనిపించి మోసం చేస్తాయి. ఒకటి రెండు సార్లు మోసపోయిన తేనెటీగ ఆ పువ్వు వైపు రాదు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశీలనలను కలిపి 2005లో వేసిన లెక్క ప్రకారం, మోసపు జాతుల్లో అయిదింట ఒక పువ్వే కాయ కడుతుంది. తేనె ఇచ్చేవాటిలో మూడింట ఒకటికి కొంచెం పైన. ఉష్ణమండలంలో ఇంకా తక్కువ. అంటే మోసపు జాతి కంకిలో పది పూలుంటే ఎనిమిది తొమ్మిది ఎవరూ తెంపకుండానే ఉత్తగా వాడిపోతాయి.

కాబట్టి వాండా కంకి తెంపితే మొక్క చచ్చిపోదు. ఆ ఏటి గింజ పోతుంది. అంతకు మించి మొక్కకు నష్టం లేదు. అస్సాంలో రోంగాలీ బిహూకు ఆడవాళ్లు కొపౌ పూలు జడలో పెట్టుకుంటారు. అది రింకోస్టైలిస్ రెటూసా అనే ఆర్కిడ్, మన విశాఖ మన్యంలోనూ ఉంది. అస్సాంలో దాన్ని ఇంటి ముందు చెట్టుకు కట్టుకుని పెంచుతారు. పండుగకు కావలసిన పువ్వు కాబట్టి ఎక్కడుందో, ఎప్పుడు పూస్తుందో అందరికీ ఎరుకే. మన వాండా ఏ పండుగకూ పనికిరాలేదు. అందువల్ల దాన్ని ఎవరూ తెంపలేదు, అందువల్లే ఎవరూ చూడనూ లేదు. తెంపని పువ్వు క్షేమంగా ఉందనుకోవడం మన సంరక్షణ ఆలోచనలో ఉన్న పెద్ద పొరపాటు.

పువ్వు తెంపడం వేరు, మొక్కను పీకడం వేరు. మొక్కను పీకడంలో క్షమించదగింది ఏమీ లేదు. 1850లో ఖాసీ కొండల్లో జోసెఫ్ హుకర్ నీలి వాండాను క్యూ ఉద్యానవనం కోసం ఏడుగురు మోసేంత పీకించాడు. ఇంగ్లండుకు ప్రాణంతో చేరినవి కొన్నే. ఆయన వెంట తోటమాలిని పంపిన ఇంకో పెద్దమనిషి ఒక మనిషి మోతను పంపితే, నీరసించి చేరినా 300 పౌన్లకు అమ్ముడుపోయింది. ఇది హుకరే తన ప్రయాణాల పుస్తకంలో రాసుకున్నాడు. ఆ తరవాత వచ్చినవాళ్లు ఆగలేదు. మనకు దగ్గరగా చూస్తే నేల ఆర్కిడ్ల దుంపలున్నాయి. సాలబ్ మిస్రీ పేరుతో యునానీ మందుల దుకాణాల్లో అమ్మేది అదే. పువ్వు తెంపితే దుంప మిగులుతుంది, దుంప తవ్వితే ఏమీ మిగలదు. చ్యవనప్రాశలో వేయాల్సిన అష్టవర్గంలో నాలుగు హిమాలయపు ఆర్కిడ్లేనని, వాటికీ ఇదే గతి పట్టిందని మీలో ఆయుర్వేదం చదివినవాళ్లకు తెలుసు.

దీనికి చట్టం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినా మొక్కలకు అందులో చోటు దొరికింది 1991 సవరణతోనే. 17ఏ సెక్షన్ పెట్టి ఆరు రకాల మొక్కలను పీకడం, తెంపడం, అమ్మడం నిషేధించారు. ఆ ఆరింటిలో మూడు ఆర్కిడ్లే: నీలి వాండా, ఎర్ర వాండా, పాఫియోపెడిలమ్‌లు. అంతర్జాతీయ వ్యాపారానికి సంబంధించి సైటిస్ ఒప్పందంలో మొత్తం ఆర్కిడ్ కుటుంబమే ఉంది. ఇవన్నీ అవసరమైనవే. కానీ భారత వృక్ష సర్వే 2019లో వెలువరించిన పుస్తకం ప్రకారం దేశంలో ఆర్కిడ్ జాతులు 1,256. ఆ ఆరు పేర్ల జాబితా మన మామిడి కొమ్మ దాకా రాలేదు. మన వాండా అరుదైన జాతి కూడా కాదు. అరుదైనదాన్ని కాపాడాలన్న ఆలోచన మనకు వచ్చింది, మామూలుదాన్ని మామూలుగా ఉండనివ్వాలన్న ఆలోచన ఇంకా రాలేదు.

మన దగ్గర దీనికి ఉన్న అసలు ముప్పు పువ్వు మీది ఆశ కాదు, అపనింద. చెట్టు మీద పెరిగేదాన్నంతా రైతు బదనిక అంటాడు. నిజమైన బదనిక, డెండ్రోఫ్తే అనే మొక్క, మామిడికి శత్రువే. దాని వేరు కొమ్మలోకి దిగి చెట్టు నీటిని తాగుతుంది, దిగిన చోట కొమ్మ ఉబ్బుతుంది, పైకొమ్మ ఎండుతుంది. దాన్ని కొమ్మతో సహా కోసేయాల్సిందే. తోట గుత్తకు పట్టిన ఒక పెద్దాయన వాండాను కూడా కత్తితో గీకుతుంటే సారు ఆయనతో మాట్లాడిన తీరు నాకు గుర్తుంది. "గిది గూడ బదనికనే సారూ, రసం గుంజుతది" అన్నాడాయన. "కాకా, వేరు కొమ్మలకు దిగిందా, కొమ్మ మీద వారిందా, గోరుతోని లేపి సూడు" అన్నారు సారు. వేరు బెరడు మీది నుంచి పొరలా లేచింది, కింద కొమ్మ చెక్కుచెదరలేదు. వాండాకు కొమ్మ కావలసింది కూర్చోవడానికే. తిండి గాలిలోంచి, వాననీటిలోంచి, బెరడు మీద పేరుకున్న చెత్తలోంచి వస్తుంది. ఆ పెద్దాయన ఒక్క మాటతో కత్తి దింపాడు. ఉపన్యాసం అక్కర్లేకపోయింది, చట్టమూ అక్కర్లేకపోయింది. నిజం చూపిస్తే చాలు. సంరక్షణ పేరుతో రైతును నేరస్థుడిలా చూసేవాళ్లకు ఇది నేను ఎప్పుడూ చెబుతాను.

ఇక చేతితో పరాగసంపర్కం. పురుగులు తగ్గిపోయిన చోట మనిషి ఆ పని చేయవచ్చా? చేయవచ్చు, చేస్తున్నారు. వాండాలో పుప్పొడి పొడిగా ఉండదు, రెండు పసుపు ముద్దలుగా ఉంటుంది, అడుగున జిగురు బిళ్ల. పువ్వు మధ్య స్తంభం కొసన చిన్న టోపీ ఉంటుంది. అగ్గిపుల్ల మొనతో ఆ టోపీని కింది నుంచి పైకి లేపితే ముద్దలు పుల్లకు అంటుకుని వస్తాయి. వాటిని మరో మొక్క పువ్వులో స్తంభం కింది వైపు ఉండే తడి గుంటలో ఉంచాలి. అంతే. కొద్ది రోజుల్లో రేకులు వాడతాయి, పువ్వు వెనక కాడలా కనిపించే అండాశయం లావెక్కుతుంది. రీయూనియన్ దీవిలో 1841లో ఎడ్మండ్ అల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు వనిల్లా పువ్వులో పుల్లతో పొరను ఎత్తి, బొటనవేలితో నొక్కి కాయ కట్టించాడు. వనిల్లా కూడా ఆర్కిడే. ఇవాళ్టికీ లోకమంతా వనిల్లా తోటల్లో ఆ అబ్బాయి పద్ధతే.

ఈ పని తెలుగువాళ్లకు కొత్తది కాదు. ఇంటి పెరట్లో సొరపాదుకు కాయ నిలవకపోతే మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు అద్దే అవ్వలు ప్రతి ఊళ్లో ఉన్నారు. గద్వాల వైపు వెళితే హైబ్రిడ్ పత్తి విత్తనం కోసం ఊళ్లకు ఊళ్లే ఈ పని చేస్తాయి. క్రాసింగ్ అంటారు. సాయంత్రం ఆడ వరుసల్లో మొగ్గ ఒలిచి కేసరాలు తీసేయడం, మర్నాడు పొద్దున మగ వరుసల పువ్వు తెచ్చి పుప్పొడి అద్దడం. బడిలో ఉండాల్సిన ఆడపిల్లల చేత ఏళ్ల తరబడి ఆ పని చేయించిన చరిత్ర కూడా దాని వెనక ఉంది, దాన్ని దాచకూడదు. ఒక మొగ్గను నలగకుండా ఒలిచే నేర్పు ప్రపంచంలో ఎక్కడైనా ఉందంటే మన ఆడవాళ్ల వేళ్లలో ఉంది. ఆర్కిడ్‌కు చేయి సాయం కావాలంటే విదేశాల నుంచి నిపుణులు రానక్కర్లేదు.

అయితే ఎంత సాయం? ఇక్కడ మంచితనం కూడా లెక్క తప్పగలదు. అమెరికాలో మసాచూసెట్స్ అడవుల్లో ప్రైమాక్, హాల్ అనే ఇద్దరు ఒక గులాబీరంగు నేల ఆర్కిడ్ మీద నాలుగేళ్లు ప్రయోగం చేసి 1990లో ఫలితం రాశారు. ప్రకృతిలో దానికి కాయలు చాలా అరుదు. వీళ్లు ఏటా చేతితో కాయ కట్టించారు. వరసగా కాయలు మోసిన మొక్కల ఆకులు చిన్నవయ్యాయి, మళ్లీ పూసే అవకాశం తగ్గింది. కాయ మోయడం మొక్కకు బరువు. కంకిలోని ప్రతి పువ్వుకూ పుప్పొడి పెట్టి పది కాయలు చూసుకుని మురిసిపోయేవాడు ఆ మొక్క రాబోయే ఏళ్లను ఖర్చుపెడుతున్నాడు. కంకికి ఒకటి, బలమైన మొక్కయితే రెండు. అదీ ఏటా ఒకే మొక్కకు కాదు. ఒకే మొక్క పూలను తమలో తాము కలిపితే చాలా ఆర్కిడ్లలో కాయ నిలవదు, నిలిచినా గింజలో పస తగ్గుతుంది. మరో చెట్టు మీది మొక్క నుంచి తేవాలి. మరీ దూరపు అడవి నుంచి తేకూడదు.

సాయం చేసిన చేయి ఒక జాతిని నిలబెట్టిన సంగతీ ఉంది. ఇంగ్లండులో లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్‌ను తెంపి, పీకి, అమ్మి 1917 నాటికి పూర్తిగా అంతరించిందనుకున్నారు. 1930లో యార్క్‌షైర్‌లో ఒక్క మొక్క కనిపించింది. చూసినవాళ్లు దశాబ్దాల పాటు చోటు బయటపెట్టలేదు. తరవాత కాపలా పెట్టారు, చేతితో పుప్పొడి అద్దారు, గింజలను క్యూలో సీసాల్లో మొలిపించారు, మొలకలను మళ్లీ అడవిలో నాటారు. నాటిన మొక్కల్లో మొదటిది 2000లో పూసింది. డెబ్బై ఏళ్ల ఓపిక అది. ఆ ఒక్క మొక్క దగ్గర ముట్టుకోవద్దనే నియమమూ, ముట్టుకోవాల్సిన అవసరమూ రెండూ పక్కపక్కనే నడిచాయి. ముట్టుకోవద్దన్నంత మాత్రాన అది బతికి ఉండేది కాదు.

ఇప్పుడు మన దారికి వస్తాను. ఈ ఊరికి కొద్ది దూరంలో, పోలీసు అకాడమీ కూడలి నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు పొడవునా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నాయని లెక్క తేలింది. రోడ్డు వెడల్పు చేయాలని, మర్రులను నిలపాలని జరిగిన వాదన జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర బస్సును కంకర టిప్పర్ ఢీకొన్న ప్రమాదాన్ని ఈ సభలో ఎవరూ మరచి ఉండరు. అందులో చనిపోయినవాళ్ల ఇళ్ల ముందు నిలబడి చెట్టు మాట ఎత్తడం నాకు చేతకాదు. రోడ్డు కావాలి. చెట్టూ కావాలనే వాళ్లు రోడ్డు వద్దనలేదన్న సంగతీ చెప్పాలి.

నేను అడిగేది ఈ తగువులో ఎవరూ అడగనిది. చెట్లను లెక్కపెట్టారు. కొన్ని నిలుస్తాయి, కొన్నిటిని వేళ్లతో తవ్వి వేరే చోట నాటుతామంటారు. మర్రిని తరలించాలంటే ముందు కొమ్మలన్నీ కోసి మొండెం మిగల్చాలి. మొండెం చిగురిస్తే చెట్టు బతికిందని రాసుకుంటారు. కోసిన కొమ్మలు పొయ్యిల్లోకి పోతాయి. వాటి బెరడు మీద ఏళ్ల తరబడి పట్టిన నాచు, బూజు, ఆ బూజును నమ్ముకున్న మొలకలు, ఏవైనా ఆర్కిడ్లు ఉంటే అవీ ఆ పొయ్యిలోకే పోతాయి. లెక్కలో చెట్టు ఒకటి, తరలింపు ఒకటి, నష్టం సున్నా. మామిడి తోటలు కొట్టేసే చోటా ఇదే జరుగుతుంది. నరకడానికి అనుమతి కోరితే జాతి ఏది, చుట్టుకొలత ఎంత అని రాసుకుంటారు. కొమ్మ మీద ఏముందో రాసే గడి ఉండదు. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 1996లో 111 జీవో ఇచ్చి 84 గ్రామాల్లో కట్టడాలను అదుపు చేసినప్పుడు నీళ్ల గురించి మాత్రమే ఆలోచించారు. ఆ అదుపు నీడలో ఇన్నాళ్లూ పాత తోటలు కూడా మిగిలాయి. ఇప్పుడు ఆ నీడ పలచబడుతోంది. కొత్తగా వేసే వెంచర్లలో నీడ కోసం నాటే చెట్లు కూడా చెట్లే, కానీ వాండా గింజ పట్టే గరుకు బెరడు వాటికి రావడానికి ఒక తరం పడుతుంది.

ఒకటి మాత్రం ఆశ కలిగించేది. వాండా తరలింపును తట్టుకుంటుంది. కొమ్మ పడిపోతే, లేదా పడబోతోందని తెలిస్తే, మొక్కను బెరడు ముక్కతో సహా తీసి మృగశిర కార్తె నాటికి దగ్గర్లోని పాత చెట్టుకు కట్టవచ్చు. మామిడి, ఇప్ప, మర్రి మంచివి. యూకలిప్టస్ పనికిరాదు, దాని బెరడు ఊడిపోతుంది. వేరు బెరడుకు ఆనేలా నూలు గుడ్డ పేలికతో గట్టిగా కట్టాలి, మట్టి పెట్టకూడదు, మధ్యాహ్నపు ఎండ తగలని వైపు చూసుకోవాలి. వానాకాలం పూర్తయ్యేసరికి కొత్త వేరు బెరడును పట్టుకుంటుంది. గుడ్డ దానంతటదే చివికి రాలిపోతుంది. ఇది పట్టా భూముల సంగతి, యజమాని ఒప్పుకున్నాకనే. చిలుకూరు పక్కన మృగవని జాతీయ పార్కులో గానీ, వికారాబాద్ అనంతగిరి అడవిలో గానీ అటవీశాఖ అనుమతి లేకుండా పడిన కొమ్మను కూడా ముట్టుకోవద్దు. ఆర్కిడ్‌ను రక్షించానని చెప్పి ఇంటికి తెచ్చి కుండీలో వేలాడదీసుకునే అలవాటుకు నేను పూర్తిగా వ్యతిరేకం. కుండీలోని మొక్క పూస్తుంది, మనం చూస్తాం, తేనెటీగకు దారి తెలియదు, గింజకు బెరడు దొరకదు. తీసిన చోటికి వీలైనంత దగ్గర్లో, బయట, చెట్టు మీదే ఉండాలి.

పూల పెంపకం ఈ ప్రాంతానికి బతుకుతెరువు. చేవెళ్ల, మొయినాబాద్ పాలీహౌసుల నుంచి, తోటల నుంచి పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళతాయి. ఆర్కిడ్లను పెంచి అమ్మాలనుకునే యువకులు నన్ను అడిగినప్పుడు సంతోషంగా చెబుతాను: పెంచండి, సీసాలో మొలిచిన మొక్కలతో పెంచండి. సిక్కింలోని పాక్యోంగ్‌లో 1996 నుంచి ఆర్కిడ్ల కోసమే ఒక జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. వాండా కాయను పగలకముందే పచ్చిగా కోసి, ప్రయోగశాలలో తెరిచి, గింజలను జిగురు మీద చల్లితే వేల మొలకలు వస్తాయి. ఒక్క కాయ చాలు. మిగిలిన కాయలు కొమ్మ మీదే పండి, పగిలి, గాలికి పోవాలి. చుట్టుపక్కల ఇంత పెద్ద విద్యాసంస్థలున్న చోట ఒక చిన్న కణజాల ప్రయోగశాలకు తావు లేకపోదు.

చివరగా నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏడు ఉపన్యాసానికి శాలువ, జ్ఞాపిక వద్దు. ఆ డబ్బుతో ఒక వెదురు నిచ్చెన, ఒక బైనాక్యులర్, గట్టి అట్ట వేసిన ఒక రిజిస్టరు కొనండి. దొంతన్‌పల్లి నుంచి చేవెళ్ల దాకా పాత మామిడి తోపులు, రోడ్డు పక్క మర్రులు విద్యార్థులు పంచుకుని చూడాలి. నిచ్చెన తోటల్లోనే వాడాలి, రోడ్డు మీద బైనాక్యులరే. రిజిస్టరులో ఒక్కో చెట్టుకు ఒక పేజీ: చెట్టు ఏది, ఎవరిది, కొమ్మ ఏ దిక్కు, ఎన్ని మొక్కలు, ఎన్ని కంకులు పూశాయి, ఎన్ని కాయలు నిలిచాయి, చేతితో అద్దినవి ఏవి, పురుగు చేసినవి ఏవి, కాయ పగిలింది ఏ నెల. కాయ పండడానికి నెలలు పడతాయి కాబట్టి వేసవిలో చూసిన పిల్లలే మళ్లీ చలికాలంలోనూ వెళ్లాలి. ఒక కొమ్మ నరకడానికి ఎవరైనా అనుమతి అడిగిన రోజు, ఆ పేజీ నకలు తీసి దరఖాస్తుకు జత చేసి అనుమతి ఇచ్చే కార్యాలయంలో ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.